‘కుమావోన్ నరభక్షకులు’ – గాలి, వాసన: ఒక పరిశీలనము

జిమ్ కార్బెట్ 1944లో ప్రకటించిన ‘కుమావోన్ నరభక్షకులు’ అను ఆంగ్లగ్రంథము వేటకథల సంపుటముగా ప్రసిద్ధి కెక్కినది. సావధానముగ పఠించినచో అది గాలిని గూర్చిన గ్రంథమని కూడ తోచును. పులి తన యాహారమగు జంతువును గాలికి ఎదురుగా సమీపించును. లేదా గాలి పోవు దిక్కున పొంచియుండును. తన మేనివాసన ఆ జంతువునకు సోకరాదనుటయే దాని యుద్దేశము. మానవులకు ఘ్రాణశక్తి లేదను సంగతి పులి యెరుగదు గనుక వారియెడలను అట్లే వర్తించునని కార్బెట్ వాదము. కావున గాలికెదురుగా పోవు వేటగానికి ప్రమాదము వెనుకనుండి వచ్చును. అతడు అటునిటు అడ్డముగా నడచుచు ఆ ప్రమాదమును ఒకమారు కుడివైపునకు, ఒకమారు ఎడమవైపునకు తెచ్చుకొనవలెను.

ఈ పరిశీలనము మిక్కిలి సూక్ష్మమైనది. వేటగాని ప్రాణము దానిపై నాధారపడి యుండెను. అయినను ఇందు వాసన కొక్కటే అర్థము కలదు: అది పులిని పట్టియిచ్చు దోషము. అట్లయినచో పులి తాను తిరుగు త్రోవలయందలి చెట్లపై గంధద్రవమును ఏల చిమ్మును? కార్బెట్ వాదమున ఈ ప్రశ్నకు తావు లేదు.

దీనికి సమాధానము చాలవరకు భారతదేశముననే లభించినది. ఒడిశాలోని జశీపురమున సరోజ్ రాజ్ చౌధురిగారు 1974 నుండి ‘ఖైరి’ యను ఆడుపులిని పెంచిరి. భారత గణాంకశాస్త్ర సంస్థకు చెందిన రతన్‌లాల్ బ్రహ్మచారిగారు దానిని పరిశీలించి, పులుల గంధద్రవముపై చిరకాలము కృషి చేసిరి. బాస్మతి బియ్యమునకు పరిమళము నిచ్చు 2-అసిటైల్-1-పైరోలిన్ అను ద్రవ్యమే ఆ ద్రవమునందును కలదని వారును వారి సహచరులును 1990లో ప్రకటించిరి. ద్రవమునందలి క్రొవ్వుపదార్థములు ఆ వాసనను త్వరగా ఎగిరిపోనీయవు. ఇది తోడి పులులకు వ్రాసిన లేఖ వంటిది. ఆ వాసన సోకిన పులి పైపెదవిని ముడిచి, అంగిటిలోని ప్రత్యేకేంద్రియమునకు దానిని అందించుకొనును.

అయితే ఈ లేఖకు ముద్ర లేదు, ఇతరులును చదువగలరు. మాంసాహారుల మూత్రమున అధికముగ నుండు ఫీనైల్ ఇథైల్ అమీన్‌ను పసికట్టి ఎలుకలు తొలగిపోవునని హార్వర్డు పరిశోధకులు 2011లో చూపిరి. ఆ ద్రవ్యమును తీసివేసినప్పుడు ఎలుకల వైముఖ్యము తగ్గెను. ఎలుకకు సిద్ధించినది కణుజునకును సిద్ధించినట్లే యని చెప్పుట తొందరపాటగును. కాని వేటజంతువు వాసనను గ్రహించు రీతికి ఇది నిదర్శనము.

కార్బెట్ సూత్రమును ఈ పరిశోధనలు కొట్టివేయలేదు. దాని పరిధిని చూపినవి. మరుగుపడుట, తెలియజేయుట అను రెండు అవసరములును పులికి కలవు. మొదటిదానిని కార్బెట్ చక్కగ గ్రహించెను. రెండవది అతని తుపాకి యెదుటికి రాలేదు. మానవునికి ఘ్రాణశక్తి లేదనుట మాత్రము అత్యుక్తి. బాస్మతి యన్నము ఉడుకుచుండగా ఆ పరిమళమును గుర్తించు ముక్కే పులి వ్రాతలోని ఒక్క యక్షరమునైనను చదువగలదు.