చేద బరువు

ముందుమాట అడిగినవాళ్ల దగ్గర మూడు నెలలు గడువు పుచ్చుకుని ఆరు నెలలు చేయడం నా అలవాటు. ఈ రాతప్రతిని నాలుగు రోజుల్లో తిరిగి పంపాను. అందులో ఒక పేజీ నా మీద ఫిర్యాదులా ఉంది. జవాబు చెప్పుకోకుండా నిద్ర పట్టలేదు.

ఇది రాసిన అమ్మాయి రంగస్థల కళల్లో ఎం.ఏ. చదివింది. ఆఖరి సెమిస్టర్‌లో ఎవరి ప్రయోగం వాళ్లే ఎంచుకుని, వాళ్లే తయారుచేసుకుని, వాళ్లే ఆడాలి. గురజాడ కన్యాశుల్కం నాటకం నుంచి ఏకపాత్రాభినయం అనగానే మన కుర్రాళ్లు గిరీశం చుట్ట వెలిగిస్తారు, ఆడపిల్లలు మధురవాణి వైపు చూస్తారు. ఈమె బుచ్చమ్మను తీసుకుంది. నాటకం మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడీ మాట్లాడనట్టుండే పిల్ల. గిరీశం మాటలు నమ్మి ఇల్లు విడిచి వెళ్లిపోయే పిల్ల. ఆ పాత్రతో నలభై నిమిషాల ప్రదర్శన నిలబెట్టడమేమిటని నేనూ అడిగాను. "నాకు మాటలు బాగా వచ్చు మాస్టారూ, మాట లేకుండా నిలబడటమే రాదు" అంది.

ఈ పుస్తకం అంతా ఆ ఒక్క మాట మీద నిలిచింది. ఎవరి పని వాళ్లే ఎంచుకోమంటే మనిషి తనకు వచ్చిందే ఎంచుకుంటాడు. పద్యం పలికేవాడు పద్యనాటకం, గజ్జె కట్టినవాడు నాట్యం. పరీక్ష గట్టెక్కుతుంది, నటుడు ఉన్నచోటే ఉంటాడు. ఐదు నెలల పాటు రోజూ రాసుకున్న సాధన నోట్సే ఈ పుస్తకం; అందులో ఈమె తనకు చేతకానిదాన్నే వెతుక్కుంటూ పోయింది.

మాది వేరే బడి. గురువుగారు చేసి చూపించేవారు, మేము అలాగే చేసేవాళ్లం. చెయ్యి ఎక్కడ ఎత్తాలో, ఏ అక్షరం మీద ఊపిరి తీసుకోవాలో అన్నీ ఆయనవే. తర్వాత ముప్ఫై ఏళ్లు నేనూ అలాగే నేర్పాను. పరిషత్తు పోటీల్లో నా శిష్యుల్ని చూసినవాళ్లు "మీ పోలికలు బాగా వచ్చాయండీ" అంటే పొంగిపోయేవాణ్ణి. ఈ రాతప్రతిలో ఒక చోట, గురువు గొంతు తన గొంతులోంచి వినబడిన రోజున భయం వేసిందని రాసింది. నన్ను నిద్రపోనివ్వని పేజీ అదే.

అయితే సొంత సాధన నిన్న మొన్న సెమిస్టర్లతో పుట్టిందని మాత్రం అనుకోవద్దు. ఆదిభట్ల నారాయణదాసు పంతొమ్మిదేళ్ల ప్రాయంలో, 1883లో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథ విన్నారు. ఆ వెంటనే ధ్రువ చరిత్ర తానే కట్టుకుని తానే చెప్పారు. ఎవరూ పని అప్పగించలేదు, మార్కులు వేయలేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలై కూర్చునేనాటికి ఆయన వెనుక మూడున్నర దశాబ్దాల సొంత ప్రయోగం ఉంది. స్థానం నరసింహారావుగారు తులాభారం నాటకంలో తాను వేసిన సత్యభామకు కావలసిన పాట తానే రాసుకున్నారు. ఆయన 'నటస్థానం' చదివినవాళ్లకు ఈ నోట్సు ఏ కుదురులోదో తెలుస్తుంది.

ఇక బావి సంగతి. పుస్తకంలో అన్నిటికన్నా నాకు నచ్చిన భాగమిదే. బుచ్చమ్మ పెరట్లో నీళ్లు తోడుతుండగా ప్రదర్శన మొదలవుతుంది. రంగం మీద బావి లేదు, గిలక లేదు, చాంతాడు లేదు. మొదటి వారం ఈమె గాలిలో చేతులు ఆడించింది. ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకుంటే అందంగానే ఉంది. హాస్టల్ వంటావిడ చూసి, "అంత గబగబా లాగుతున్నావు, చేదలో నీళ్లున్నాయా అమ్మా?" అని అడిగింది. మర్నాడే ఈమె అమ్మమ్మగారి ఊరికి బస్సెక్కింది. తొమ్మిది రోజులు నిజం బావిలో నీళ్లు తోడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చేద నీళ్లలో మునిగినప్పుడు తాడు ఎలా తేలికవుతుందో, నీటిని వీడి పైకి లేచిన క్షణాన బరువు భుజం మీదికి కాక నడుము మీదికి ఎలా వస్తుందో, గట్టు మీద పెట్టేముందు ఎడమచెయ్యి తాడు వదిలి చేద అంచు ఎలా అందుకుంటుందో రెండు పేజీల్లో రాసింది. ఆంగికాభినయం మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ రెండు పేజీలకు సరిరావు. ఒంటి కదలిక, అంటే ఆంగికం, సరిగ్గా కుదిరితే లోపలి భావం, అంటే సాత్త్వికం, దాని వెంట వస్తుందని మేం తరగతిలో చెబుతాం. ప్రదర్శననాడు అది చూశాను. సగం పైకి వచ్చిన చేదను పట్టుకుని ఆమె ఆగిపోయింది, లోపల ఎవరో గిరీశం పేరు ఎత్తారని. మాట లేదు. ఆ బరువు చేతుల్లో వణుకుతోంది. హాలులో ఎవరూ కదల్లేదు.

యాస దగ్గర మాత్రం ఈమె తప్పటడుగు వేసింది, దాన్ని దాచుకోలేదు కూడా. కరీంనగర్ పిల్ల. విజయనగరం వెళ్లి బజార్లో కూర్చుని 'వచ్చీసేడు, ఏటి' అంటూ వారం రోజులు చెవిన వేసుకుంది. తిరిగొచ్చి నాటకం మళ్లీ చదివితే గాని తెలిసిరాలేదు, బజారు పలుకు వేరు, కృష్ణరాయపురం అగ్రహారం లోగిలిలో పలుకు వేరని. గురజాడ ఒక్కొక్కరి నోట ఒక్కో తెలుగు పెట్టారు. చెవి పెట్టి వినడం మంచిదే, కానీ పుస్తకంలో ఏముందో ముందు చూసుకుని వినాలి. పక్కన ఒక పెద్దవాడుంటే ఆ వారం మిగిలేది. సొంత సాధన అంటే ఒంటరి సాధన కాదని నేను అంటాను. ఈమె పూర్తిగా ఒప్పుకోదు. ఆ వారం పోకపోతే తనకు ఆ తేడా చెవికి ఎక్కేదే కాదంటుంది. పోనీండి.

ఫోన్ వీడియోల మీద ఈమెకున్న నమ్మకం నాకు లేదు. ఫోన్ ముందునుంచే చూస్తుంది, దగ్గదు, ఆవలించదు. ఆ సంగతి ఈమెకూ తెలిసే ఉండాలి, చివరి నెలలో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, హాస్టల్ మెస్సులో పన్నెండుసార్లు ఆడింది కదా. ఆహార్యం మీద అధ్యాయం హడావిడిగా ముగిసింది. పద్యం ఊసే లేదు; రెండో ముద్రణకైనా ఆ లోటు తీర్చమని పెద్దవాడిగా అడుగుతున్నాను.

రాతప్రతి ముగించిన సాయంత్రం పెరట్లోకి వెళ్లి, ఎవరూ లేరనుకుని, నేనూ నీళ్లు తోడి చూశాను. యాభై ఏళ్లు నటుణ్ణి. అరుగు మీద చదువుకుంటున్న మనవడు తలెత్తి చూశాడు.

"తాతయ్యా, తాడు మధ్యలో ఏమైపోయింది?" అన్నాడు.