"ట్యాంకు" శబ్దమునకుఁ దెలుఁగు పర్యాయములు - విమర్శనము

పర్యాయశబ్దమునకు మూలార్థము వరుస. పరిపూర్వకమైన ఇణ్ ధాతువునకుఁ గ్రమార్థమునఁ బాణిని ఘఞ్ ప్రత్యయమును విధించెను. కావున నొక పదమునకు మాఱుగాఁ దన వంతు వచ్చినపుడు నిలుచునదియే పర్యాయము గాని, యెల్లయెడల నన్నియు సమముగా నిలుచునని తాత్పర్యము గాదు. ఈ నియమమును బాటింపక ఆంగ్లాంధ్రనిఘంటువులు "ట్యాంకు" పదమున కెదుట చెఱువు, కుంట, గుంట, కొలను, కోనేరు అని పేర్చి విడుచుట వాడుకయైనది. వానిలో నేది గైకొన్నను దోషము లేదని విద్యార్థి తలఁచును. ఆ తలఁపు సాధువో కాదో విచార్యము.

ఆంగ్లపదమే యేకార్థకము గాదు. పోర్చుగీసు "టాంకె" శబ్దమును, పశ్చిమభారతభాషలలోని "టాంకా" శబ్దమును దాని పుట్టుకయందుఁ గలసినవని భాషావేత్తలందురు. ఈ దేశమునందలి యాంగ్లేయులు దానిని సేద్యపు జలాశయమునకు వాడిరి. హుస్సేనుసాగరపుఁ గట్టకు "ట్యాంకుబండు" అను పేరిందుచేతనే కలిగినది. పిదప యుద్ధశకటమునకును నదియే పేరయ్యెను. నేఁటి తెలుఁగింటిలో మిద్దెమీఁది నీళ్ళతొట్టియే ట్యాంకు.

అమరసింహుఁడు పద్మాకర, తటాక, కాసార, సరసీ, సరశ్శబ్దముల నొక్కచోఁ జేర్చినను, అల్పసరస్సులను వేశంతపల్వలములని వేఱుపఱచెను. త్రవ్వినదానిని ఖాతమనియు, త్రవ్వకయే యేర్పడినదానిని దేవఖాతమనియు విడఁదీసెను. ఆయన చూచినవి పరిమాణమును, కర్తృత్వమును. తెలుఁగు వీనితోడఁ బ్రయోజనమునుగూడఁ జూచినది.

సిద్దిపేటజిల్లాలోని జగదేవ్‌పూర్ వంటి మెట్టసీమలోఁ జెఱువనఁగా నీరు మాత్రమే కాదు. కట్ట, తూము, మిగులునీరు వెడలు మత్తడి, నీరు నిండినపుడు మునుఁగు శిఖము, తడియు నాయకట్టు అను నైదంగములు గూడినదే చెఱువు. 2015లో నారంభమైన మిషన్ కాకతీయ పథకమున పూడిక తీసి, కట్టలను బలపఱచి, తూములను మత్తళ్ళను బాగుచేయుట యీ యంగనిరూపణమునకు లౌకికప్రమాణము. కుంటకును నివి యుండవచ్చును గాని యది చిన్నది. గుంట కేవలము పల్లము. పైఁగా తెలంగాణమున నెకరమునకు 40 గుంటలు గావున, భూమిపత్రములలో నా పదమును జలాశయార్థమున వాడినచో భ్రాంతి తప్పదు. కోనేరు మెట్లు గలిగి దేవాలయము నాశ్రయించినది. కొలను తామరలతోడిది, కావ్యములందే దానికిఁ జెలామణి యెక్కువ.

ఇఁక సాగరశబ్దము. జగదేవ్‌పూర్ మండలమునందలి తీగుల్ నర్సాపూర్‌లో వెలసిన కొండపోచమ్మ పేరిట, మర్కూక్ చెంత 15 టీఎంసీల జలాశయము 2020లోఁ బ్రారంభింపఁబడి కొండపోచమ్మసాగరమనఁబడినది. సముద్రవాచకమును జలాశయమునకిడుట యతిశయోక్తి యని కొందఱాక్షేపింతురు. అది నిలువదు. సగరశబ్దమే అణ్ ప్రత్యయమున నాదివృద్ధి నొంది సాగరమైనది. సగరపుత్రులు త్రవ్వినది గనుక నా పేరు వచ్చినదన్నచో, మనుష్యప్రయత్నముచేఁ గలిగినదానికే యౌగికార్థము మిక్కిలి చెల్లును. ప్రయోగమును బ్రాచీనమే: 1369 నాఁటి పోరుమామిళ్ళ శాసనమునఁ జెఱువునకు అనంతరాజసాగరమని పేరున్నది. అయినను నేఁటి యీ సాగరము చెఱువునకుఁ బర్యాయము గాదు. చెఱువు తన పరిసరముల వాననీటిని, గొలుసుకట్టులో నెగువచెఱువు మత్తడిని నమ్మియుండును. సాగర మెత్తిపోతల గోదావరీజలముతో నిండును.

ఈ విభాగము పండితవినోదమాత్రము గాదు. చెఱువునకు "జలాశయము" అని మాత్రమే యర్థము వ్రాసినచో, నీరెండిన యేఁట నది చెఱువు గాకపోవలసివచ్చును. ఎండిన కొలనునకుఁ గొలనుతనము లేదు. ఎండిన చెఱువో చెఱువే. కట్టయుఁ దూమును శిఖమును నిలిచియుండఁగా, వాన రాఁగానే నది నిండును. నీరు లేనిచోఁ జెఱువు లేదని నిఘంటువే పలికినచో, శిఖమున నిండ్లు గట్టువారి కది సాక్ష్యమిచ్చినట్లగును. కావున "కట్ట, తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు గలిగి వాననీటిని నిలుపు సేద్యస్థానము" అని చెఱువును నిర్వచించి, తక్కినవానిని వేఱువేఱుగా నిరూపించుట నిఘంటుకర్తలకు విధి. బడులలో నట్లే బోధించుట యుపాధ్యాయులకుఁ దగవు.