పెనిసిలిన్ కథలో గినీపంది

పెనిసిలిన్‌ను గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే కథ అందరూ ఎరిగినదే. ఫ్లెమింగ్ పళ్లెంలో బూజు పడినది, చుట్టూ ఉన్న బాక్టీరియా కరిగిపోయినవి, నిరపాయమైన దివ్యౌషధం లోకానికి దొరికినది. కథ చదవడానికి ఇంపుగానే ఉన్నది. కాని 1929లో ఫ్లెమింగ్ ప్రకటించిన మూలవ్యాసాన్ని పక్కన పెట్టి చూస్తే, ‘నిరపాయం’ అనే మాటకు ఆనాడు ఎంత పలుచని ఆధారం ఉన్నదో తెలుస్తుంది.

ఆ వ్యాసం గొప్పదే. బూజురసానికి ఏ బాక్టీరియా లొంగుతవి, ఏవి లొంగవు అనే విభజన అందులో స్పష్టంగా ఉన్నది. అయితే విషప్రభావాన్ని పరీక్షించినది ఒక కుందేలుపైన, ఒక చిట్టెలుకపైన. కుందేలు రక్తనాళంలోకి 20 ఘన సెంటీమీటర్ల రసం ఎక్కించగా దానికి కీడు కలుగలేదు. రోగం సోకిన జంతువుకు ఇచ్చి, బ్రతుకుతుందేమో చూడనే లేదు. ఆ లోపాన్ని పూరించినది ఫ్లోరీ బృందం. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన మోతాదులో స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికి మందు ఇచ్చారు. తెల్లవారేసరికి మందు లేని నాలుగూ చనిపోయినవి. తక్కినవి బ్రతికి ఉన్నవి.

చిట్టెలుకలకు బదులు గినీపందులను ఎన్నుకొని ఉంటే? 1943లో అమెరికాలో జరిగిన పరీక్షలలో పెనిసిలిన్ గినీపందుల ప్రాణం తీసినది. ఈ జంతువు తిన్న గడ్డిని దాని అంధనాళంలోని బాక్టీరియా పులియబెట్టుతవి. పెనిసిలిన్ వాటిని తుడిచివేయగా, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ వంటివి పెరిగి విషాన్ని వెలువరించుతవి.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. ఇంట్లో పెంచే గినీపందికి బోర్డెటెల్లా వల్ల న్యుమోనియా, కుందేలుకు పాస్చురెల్లా వల్ల తుమ్ములు, చీమిడి రావడం కద్దు. ఎవరికో తెచ్చి మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రను చిదిపి నోట్లో పోస్తే, రోగం తగ్గకముందే ప్రేగు చెడి ఆ జీవి చనిపోవచ్చును. అదే పెనిసిలిన్‌ను పశువైద్యులు కుందేలుకు కొన్ని రోగాలలో సూదిమందుగా ఇస్తారు. ఫ్లెమింగ్ కుందేలుకు కూడ రసం నోటిగుండా పోలేదన్నది గమనార్హం.

కనుక పాఠ్యపుస్తకాల దోషం అబద్ధం చెప్పడం కాదు, సగంలో ఆపడం. ‘నిరపాయం’ అన్న మాట ఎదురైనప్పుడల్లా ఏ జంతువుకు, ఏ మార్గాన, ఎంత మోతాదులో అని విద్యార్థి అడగగలిగితే, ఆ పాఠం పూర్తి అయినట్లు.