మూడు లీటర్ల ఆయిల్ మీద నడిచే పనితనం

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, విజయనగరం స్టేషన్ బయట కిరాయికి నిలబడ్డ కార్లలో పాత డీజిల్ డిజైర్ ఏది బానెట్ ఎత్తినా కనిపించేది ఒకటే ఇంజన్. పక్కనున్న ఇండికా విస్టా క్వాడ్రాజెట్ అయినా, ఎర్టిగా అయినా, రిట్జ్ అయినా లోపల అదే. కంపెనీలు తలో పేరూ పెట్టుకున్నాయి. మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, కన్నతండ్రి ఫియట్ మల్టీజెట్ అంది. కార్ల పత్రికలు మాత్రం దీన్ని భారతదేశపు ‘జాతీయ ఇంజన్’ అని పిలిచాయి. వెక్కిరింపుగా మొదలైందో మెచ్చుకోలుగా మొదలైందో గానీ ఆ పేరు నిలిచిపోయింది.

ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి పనిచేస్తున్న రోజుల్లో, 2003లో యూరప్‌లో ఇది బయటికొచ్చింది. 2005లో తన తరగతిలో అంతర్జాతీయ ‘ఇంజన్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి అందుకుంది. మన దగ్గర మానేసర్‌లో సుజుకి, రంజన్‌గావ్‌లో ఫియట్–టాటా దీన్ని తయారుచేశాయి. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్, మరుసటి ఏడాది డిజైర్ వచ్చాయి. అంతవరకూ డీజిల్ కారంటే దడదడలాడేదని, నల్లపొగ కక్కేదని, గట్టు ఎక్కాలంటే ఏసీ కట్టేయాలని అనుకునేవారు. ఆ లెక్క దీంతో మారింది.

కొలతలు చూద్దాం. సిలిండర్ బోరు 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ దెబ్బ 82 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లు కలిపితే 1248 సీసీ. వెడల్పు కంటే దెబ్బ పొడవు ఎక్కువ కాబట్టి పరుగు కన్నా లాగుడు మీద మొగ్గు. స్విఫ్ట్, డిజైర్లలో ఇచ్చిన రూపం 4000 ఆర్‌పీఎం దగ్గర 75 పీఎస్ శక్తినీ, 2000 ఆర్‌పీఎం దగ్గర 190 ఎన్‌ఎం టార్క్‌నూ ఇస్తుంది. అదే కారులోని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ టార్క్ 115 దాటదు, అదీ బాగా గుంజితేనే. ఎర్టిగా, సియాజ్‌లకు 90 పీఎస్, 200 ఎన్‌ఎం రూపం ఇచ్చారు. అందులో టర్బో రెక్కల కోణం వేగాన్నిబట్టి మారుతుంది. ఈ కొలతలు ఎంత కుదిరినవంటే, జనరల్ మోటార్స్ వాళ్లు ఒక సిలిండర్ తీసేసి, బోరూ దెబ్బా అలాగే ఉంచి, 936 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ చేసి షెవ్రొలే బీట్‌లో పెట్టారు.

నాకు ఇందులో అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఇంధనం కొలిచే తీరు. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకు 20 ఇస్తోందనుకోండి. గంటకు 4 లీటర్ల డీజిల్. ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే నిమిషానికి 4,000 పేలుళ్లు, గంటకు 2,40,000. అంటే ఒక్కో పేలుడుకు అందే డీజిల్ సుమారు 17 ఘనపు మిల్లీమీటర్లు, మామూలు నీటి చుక్కలో మూడో వంతు. ఆ మూడో వంతు చుక్కను కూడా ఒక్కసారిగా పొయ్యదు. ముందు చిటికెడు చిమ్మి మంట రాజేసి, ఆ తర్వాత అసలు మోతాదు వదులుతుంది. అవసరాన్నిబట్టి ఒకే పేలుడుకు ఐదు విడతల దాకా చిమ్మే ఏర్పాటు మల్టీజెట్ పద్ధతిలో ఉంది. పాత డీజిల్ ఇంజన్ల కటకట శబ్దానికి కారణం ఇంధనమంతా ఒకేసారి అంటుకోవడమే. ఇక్కడ పీడనం మెట్లమెట్లుగా పెరుగుతుంది కాబట్టి ఆ మోత తగ్గింది.

ఈ పని చెయ్యాలంటే డీజిల్‌ను వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు మించి నొక్కి, ఒక ఉమ్మడి గొట్టంలో నిలవబెట్టి, నాలుగు ఇంజెక్టర్లకూ సిద్ధంగా ఉంచాలి. ఈ కామన్ రైల్ పద్ధతిని కార్లకు పనికొచ్చేలా మలచింది ఫియట్ పరిశోధకులే. చేతికొచ్చిన పంటను 1990ల నడుమ బాష్‌కు అమ్ముకున్నారు. ఫియట్ చేసిన బేరాల్లో ఇంతకన్నా నష్టపు బేరం ఇంకోటి ఉండదేమో. 1997లో ఆల్ఫా రోమియో 156తో ఆ పద్ధతి రోడ్డెక్కింది.

పనితనమంతా ఇలా చిన్నచిన్న కొలతల్లో ఉంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. అందుకే డీజిల్‌లో నలుసు గానీ నీళ్లు గానీ చేరితే దీనికి క్షమాగుణం లేదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మనది సముద్రపు గాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట తేమ చేరుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర పెట్టింది ఇందుకే. పాత అంబాసిడర్ డీజిల్ నడిపిన చేతులు ఆ మరను పెద్దగా లెక్కచెయ్యవు. ఆ బండికి నడిచింది, దీనికి నడవదు. నాజిల్ పాడైతే ముందు కనిపించేది ఐడిల్‌లో వణుకు, ఆ తర్వాత నల్లపొగ. నాజిల్ కింది రాగి వాషర్ కారితే చుట్టూ తారులాంటి నల్లటి మడ్డి గట్టిపడుతుంది, ‘చుఫ్ చుఫ్’మని ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది. అప్పుడే విప్పి శుభ్రం చేసి వాషర్ మార్చిస్తే చిన్న ఖర్చు. మడ్డి గట్టిపడేదాకా ఆగితే నాజిల్‌ను పెకలించడమే పెద్ద యజ్ఞం.

ఇక తల భాగం. పదహారు వాల్వులు, రెండు క్యామ్ షాఫ్టులు. ట్యాపెట్ సెట్టింగ్ అనే పనే లేదు. ఆయిల్ పీడనంతో సందును తామే సరిచేసుకునే హైడ్రాలిక్ బుడిపెలున్నాయి. టైమింగ్‌కు రబ్బరు బెల్టు కాకుండా సన్నటి చైన్ వాడారు. దాని వదులు లాగిపట్టే టెన్షనర్ కూడా ఆయిల్ పీడనం మీదే పనిచేస్తుంది. టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతున్నా లోహానికి లోహం తగలదు. ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఇన్ని పనులు చేసే ఆయిల్ ఎంత? ఛాంబర్‌లో మూడు లీటర్ల పైచిలుకు, అంతే.

ఈ ఇంజన్ గొప్పతనమూ దీని రోగాలూ ఒకే వేరు నుంచి పుట్టాయని నేననేది ఇందుకే. తేలికగా, చిన్నగా, సర్దుబాట్ల బెడద లేకుండా చేశారు. బదులుగా భారమంతా ఆ మూడు లీటర్ల మీద పడింది. పెద్ద లారీ ఇంజన్‌లో అర లీటరు తగ్గితే లెక్కలోకి రాదు. ఇక్కడ అర లీటరు అంటే ఆరో వంతు.

చైన్ సంగతే తీసుకోండి. ఇది జీవితకాలం మన్నుతుందని చెప్పారు. శుభ్రమైన ఆయిల్ అందుతున్నంత కాలం చాలా బళ్లలో మన్నింది కూడా. ఆయిల్ చిక్కబడి మసిపట్టినా, మట్టం పడిపోయినా టెన్షనర్ బిగువు తగ్గుతుంది, చైన్ కీళ్లు అరిగి సాగుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు క్షణాలు గలగలమంటుంది. తర్వాత సద్దుమణుగుతుంది కాబట్టి యజమాని పట్టించుకోడు. మెకానిక్ మాత్రం బానెట్ తియ్యకుండానే అడుగుతాడు: “ఏటి బావూ, ఆయిల్ ఎప్పుడు మార్చినావు?” ఆ ప్రశ్నలోనే రోగనిర్ధారణ అంతా ఉంది. గలగల ఆగకుండా ఉంటే చైన్ కిట్ మార్చెయ్యాలి. పట్టించుకోకుంటే చైన్ పళ్లు దాటుతుంది, వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, తల విప్పాల్సి వస్తుంది.

టర్బో కథ తెలియాలంటే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాలి. లారీలకు పేరుపడ్డ సాలూరు 2022 దాకా విజయనగరం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో చేరింది. అక్కడి నుంచి కోరాపుట్ దారిలో మలుపు మీద మలుపు. ఐదుగురు మనుషులు, సామాను, ఏసీ. రెండో గేరు, మూడో గేరు. ముల్లు 2000 పైన ఉన్నంతసేపూ ఈ చిన్న ఇంజన్ మొండిగా లాగుతుంది. ఆ లాగుడు వింటుంటే ముచ్చటేస్తుంది. 1800 కిందికి జారితే మాత్రం చప్పబడిపోతుంది, టర్బో ఊపిరి అందుకునేదాకా బండి కదలనట్టే ఉంటుంది. ఇది దీని అసలైన లోపం. అలవాటు లేని డ్రైవర్ గేరు తగ్గించకుండా హాఫ్ క్లచ్ మీద ఈడుస్తాడు, క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. ఘాట్ పైన టీ కోసం ఆపి తాళం వెంటనే తిప్పేస్తే ఇంకో నష్టం. ఎర్రగా కాగిన టర్బోకు ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, ఇరుసు దగ్గర మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపితే చాలు. టీ ఎటూ మరగాలి కదా.

పుల్లింగ్ తగ్గిందనగానే టర్బో పోయిందని తీర్మానించే వాళ్లున్నారు. చాలాసార్లు చిరిగేది టర్బో పైపు. ఈల వినిపించి, నల్లపొగ వచ్చి, పికప్ పోతే ముందు రబ్బరు పైపులు, క్లిప్పులు తడిమి చూడాలి. ఇంకో అనుమానితుడు ఈజీఆర్ వాల్వ్. కాలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపి విషవాయువులు తగ్గించే భాగమది. పొగలోని మసి, ఇంజన్ వదిలే ఆయిల్ ఆవిరి కలిసి జిగురుపేస్టులా గాలిదారిని మూసేస్తాయి. ఆసుపత్రి బయట ఏసీ వేసుకుని గంటలు గంటలు ఐడిల్‌లో నిలిపేవి, సిరిమానోత్సవం రోజున విజయనగరం వీధుల్లో అడుగులో అడుగేసుకుంటూ కదిలేవి దీనికి బేగి చిక్కుతాయి. రోజూ విశాఖ దాకా హైవే మీద పరిగెత్తే బళ్లలో ఈ బెడద తక్కువ. కిరాయి బండి ఎక్కువ తిరిగింది కాబట్టి పాడైందనే లెక్క దీని విషయంలో తరచు తలకిందులవుతుంది.

వరద మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి లాంటి రోజుల్లో నీళ్లలోంచి కారు నడపాలనే తొందర ఎవరికైనా ఉంటుంది. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 17.6. పిస్టన్ పైకొచ్చేసరికి ఒక్కో సిలిండర్‌లో మిగిలే చోటు సుమారు 19 సీసీ, నాలుగు టీ చెంచాల లోపు. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. గాలి పైపు గుండా అంతకు మించి నీళ్లు ఒక సిలిండర్‌లో చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా తోయించుకు రావడమే మేలు.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాయి. పొగ శుద్ధికి అయ్యే ఖర్చు చిన్న డీజిల్ కార్లకు గిట్టదని తేల్చి మారుతి ఈ ఇంజన్‌కు స్వస్తి చెప్పింది. ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్‌హ్యాండే. కొనదలిస్తే ఇంజన్ చల్లగా ఉండగానే, పొద్దున్నే వెళ్లండి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడగండి. మొదటి మూడు క్షణాల శబ్దం వినండి. డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి. నాజిల్స్ చుట్టూ మడ్డి ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఓడోమీటర్ అంకెకన్నా ఆయిల్ మార్చిన బిల్లులు ముఖ్యం. పదివేల కిలోమీటర్లకొకటి చొప్పున వరసగా చూపిస్తే రెండు లక్షలు తిరిగిన బండికైనా బేరం ఆడొచ్చు. చూపించలేకపోతే అరవై వేలు తిరిగినదానికైనా చైన్ కిట్ ఖర్చు ధరలో తగ్గించి అడగాలి.