బర్రె మూతి తిప్పుకున్న చోట

తొలకరి పడి నెల తిరిగేసరికి కోస్గి చుట్టూ ఎర్ర చెలకలు పచ్చబడతాయి. దూరం నుంచి చూస్తే మేతే. దగ్గరికి పోతే సగం వయ్యారిభామ. మా దిక్కు కాంగ్రెస్ గడ్డి అంటారు. బర్రె దాన్ని వాసన చూసి మూతి తిప్పుకుంటుంది, పక్కనున్న గరికను మొదలంటా కొరుకుతుంది. చేన్లో కలుపు మన బద్ధకంతో పెరిగితే, బంచరాయిలో కలుపు పశువు నోటితోనే పెరుగుతుంది. సర్కారు తుమ్మది ఇంకో దారి. దాని కాయల్ని మేకలు ఇష్టంగా తిని, పెంటికల్లో గింజలు ఊరంతా చల్లుతాయి.

మూడేళ్ల కింద మా బీడు బాగు చేద్దామని, వయ్యారిభామను తెల్లగా పూసి ఉన్నప్పుడు వట్టి చేతులతో పీకి గట్టు మీద కుప్పేశాను. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. అవి వారంలో తగ్గాయి. మరుసటి వానకు మాత్రం కుప్ప వేసిన చోట నారుమడి పోసినట్టు మొలిచింది. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది మరి. గొర్లు కాసే తాత చూసి నవ్వాడు. "పూత రాకముందు పీకాలె సారూ. పూసినంక పీకుడంటే ఇత్తునం జల్లుడే."

1950లలో పుణె దగ్గర కనబడ్డ ఈ మొక్క అమెరికా గోధుమలతో దిగిందని చెప్పుకుంటారు. 1984లో బెంగళూరులో దీని మీదికి మెక్సికో పెంకు పురుగును వదిలారు. వానలు బాగా పడితే పురుగు ఆకును జల్లెడ చేస్తుంది, కానీ మా దగ్గర అది లేచేలోపే పూత వచ్చేస్తుంది. లీటరు నీళ్లలో 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టినా మాడుతుంది. మేత మొలవాల్సిన నేల మీద ఉప్పు పోయడానికి నాకు మనసొప్పలేదు. తగిరంచ గింజ చల్లితే అది దీన్ని అణచిపెడుతుంది. పసులు తగిరంచనూ పెద్దగా ముట్టవు, నిజమే. లేత ఆకు మనకు కూరకైనా వస్తుంది.

చివరికి నేను చేసింది చిన్న పని. బీడులో ఒక మూలకు ముళ్లకంప కొట్టి, గడ్డి గింజ కట్టేదాకా జీవాలను రానీయలేదు. మధ్యలో స్టైలో అనే మేత గింజ చల్లాను. గడ్డి ఒత్తుగా కమ్మిన చోట వయ్యారిభామకు చోటు దొరకలేదు. కంప బయట యథాప్రకారం పూసింది.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ మీద అవగాహన వారం జరుపుతారు. మన చెలకల్లో అప్పటికే ఆలస్యం. జులైలోనే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని దిగండి.