మీదే గట్టు?

పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లకి పేరంటాలపల్లి తెలిసే ఉంటుంది. లాంచీ ఆగుతుంది, గుడి చూస్తాం, కొండరెడ్ల ఆడవాళ్ల దగ్గర వెదురు పువ్వులు బేరమాడి కొంటాం, ఫొటో దిగి మళ్లీ ఎక్కేస్తాం. 1941లో అదే ఊళ్లో ఒక వియన్నా మనిషి మకాం పెట్టాడు. పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. నాలుగేళ్ల తర్వాత, 1945లో, మాక్మిలన్ వాళ్లు వేసిన ఆయన పుస్తకం ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ వచ్చింది. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే. కొండరెడ్ల ఇంటి భాష తెలుగు. అయినా వాళ్ల మీద వచ్చిన ఈ పెద్ద పుస్తకం ఇంగ్లీషులో ఉంది, రాసింది జర్మన్ మాట్లాడే మనిషి. ఇది కొంచెం గుచ్చుకునే విషయమే, కానీ నా గొడవ అది కాదు.

ఈ పుస్తకాన్ని మానవశాస్త్రం కోసం చదివేవాళ్లు చదువుతారు. పోడు ఎలా కొడతారు, జీలుగు కల్లు ఏ కాలంలో దొరుకుతుంది, తిండిగింజలు అయిపోతే మామిడి టెంకల మీద ఎలా బతుకుతారు, అన్నీ ఓపిగ్గా రాశాడు. నేను మాత్రం వేరే ఆశతో చదివాను. అప్పుడు ఉద్యోగం కోసం ఐందోవెన్‌లో ఉన్నాను. నెదర్లాండ్స్‌కి వెళ్లి ఏడాది కావస్తున్నా, పని గురించి కాకుండా ఫోన్ చేసి మాట్లాడగలిగే మనిషి ఒక్కరు లేరు. మా ఖమ్మం జిల్లా అడవికి ఎక్కడినుంచో వచ్చినవాడు మనుషుల్లో ఎలా కలిశాడో చూద్దామనిపించింది.

అక్కడ కొత్తవాళ్ల చేతుల్లో తిరిగే పుస్తకం ఒకటుంది, ‘ది అన్‌డచబుల్స్’. కోలిన్ వైట్, లారీ బూకీ కలిసి రాసింది, మొదటిసారి 1989లో వచ్చింది. డచ్చివాళ్ల పొదుపు మీద, డైరీ తీసి చూసుకుంటే గానీ కాఫీకి కూడా ఒప్పుకోకపోవడం మీద, పుట్టినరోజుకి కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుని ఒక్క కేకు ముక్కతో సరిపెట్టడం మీద జోకులే జోకులు. మొదటిసారి చదివితే నవ్వొస్తుంది. రెండోసారి నాకు నవ్వు రాలేదు. అది కొత్తగా వచ్చినవాడు తన ఒంటరితనాన్ని ఆతిథ్యమిచ్చినవాడి లోపంగా రాసుకున్న పుస్తకం. నిజానికి డచ్చివాడు ‘కుదరదు’ అని మొహం మీదే చెప్తాడు. అలా చెప్పగలిగినవాడు మూడు వారాల తర్వాత గురువారం సాయంత్రం రమ్మన్నాడంటే, అది నిజంగా పిలుపే. మనకి మొహమాటం కొద్దీ పిలిచే అలవాటు, మొహమాటం కొద్దీ వెళ్లే అలవాటు. తేడా తెలియడానికి టైం పట్టింది.

ఈ ‘కుదరదు’ దగ్గరే హైమన్‌డార్ఫ్ పుస్తకం నాకు వేరేగా కనిపించింది. ఆయన పరిస్థితి చూడండి. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, 1939లో యుద్ధం మొదలైంది, బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశపు మనిషి. నైజాం రాజ్యం దాటి కదలడానికి లేదు. ఒకరకంగా ఖైదీ. కానీ ఆ ఖైదు లోపల నైజాం ప్రభుత్వపు అండ ఉంది. రెడ్ల ఊరికి ఆయన వచ్చేటప్పుడు వెనక సర్కారు ఉన్నట్టే. అటువంటి మనిషిని పట్టుకుని ఏ కొండరెడ్డి పెద్ద మాత్రం ‘కుదరదు, వెళ్లిపో’ అంటాడు? అనలేని చోట చూపిన ఆదరణని ఎంతని లెక్కగట్టాలి? పుస్తకంలో రెడ్ల మంచితనం గురించి, బిడియం గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్న అడ్డం పడుతూనే ఉంది. బిడియం అని ఆయనకి కనిపించినదాంట్లో భయం పాలెంత? రెడ్లలో నరబలి గురించి ఉన్న నమ్మకాల మీద ఆయన 1944లో ‘మ్యాన్ ఇన్ ఇండియా’లో విడిగా ఒక వ్యాసమే రాశాడు. కొత్త మొహం కనపడితే వంతెనకి బలివ్వడానికి మనుషుల్ని పట్టుకుపోతాడేమో అన్న భయం మన వైపు పిల్లలకి నిన్నమొన్నటిదాకా ఉండేది.

ఆయన గొప్పతనం ఏంటంటే, తను అడగని ఆ ప్రశ్నకి జవాబు పుస్తకంలోనే పెట్టాడు, కాకపోతే వేరే మనుషుల పేరు మీద. కలప, వెదురు వ్యాపారుల గురించి రాసిన భాగాలు చూడండి. అప్పు ఇవ్వడం, అప్పు కింద చాకిరీ చేయించుకోవడం, లెక్క ఎప్పటికీ తేలకపోవడం. రెడ్లు ‘కుదరదు’ అనలేకపోయిన పరాయివాళ్లు వీళ్లు. ఆ పేజీల్లో ఆయన వాక్యం బిగుస్తుంది, కోపం కనపడుతుంది. మిగతా పుస్తకమంతా చూసేవాడి పుస్తకం, ఈ భాగం మాత్రం పక్కన నిలబడ్డవాడిది. నన్నడిగితే పండగల అధ్యాయాలు పైపైన తిప్పేసి ఇది నిదానంగా చదవమంటాను.

ఆదిలాబాద్ గోండుల దగ్గర కథ వేరు. మార్లవాయిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు, భూముల పట్టాల కోసం ప్రభుత్వంతో నడిచాడు. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇప్పటికీ ఏటా జనవరి 11న అక్కడ జనం కలుస్తారు. గోండులు ఆయన్ని ఏదైనా అడగగలిగారు కాబట్టే ఆ స్నేహం కుదిరిందని నాకనిపిస్తుంది. బడి అడిగారు, భూమి అడిగారు. గోదారి ఒడ్డున గడిపిన కొన్ని నెలల్లో రెడ్లకి ఆ చనువు ఎక్కడిది?

కోయవాళ్లలో కొత్తవాణ్ని కలుపుకునే పద్ధతి ఒకటుంది. ఎదురుపడితే ఏ గట్టు అని అడుగుతారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా లెక్క. ఇద్దరిదీ ఒకటే గట్టయితే అన్నదమ్ములు, పెళ్లిళ్లు కుదరవు. వేరైతే బావ, మామ, వరస మొదలైనట్టే. ఒక్క ప్రశ్నతో ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో పరాచికాలాడొచ్చో తేలిపోతుంది. డచ్చి పుట్టినరోజులో కూడా ఇలాంటిదొకటి ఉంది. పుట్టినరోజు ఎవరిదో వాళ్లకే కాదు, వాళ్లమ్మకి, అత్తగారికి, గుండ్రంగా కూర్చున్న అందరికీ ఒక్కొక్కరికీ శుభాకాంక్షలు చెప్పాలి. మొదట పిచ్చిగా అనిపించింది. తర్వాత చూస్తే అదీ వరస చెప్పుకోవడమే. గట్టు లేనివాణ్ని మాత్రం ఏం చెయ్యాలో ఏ సమాజానికీ సరిగ్గా తెలీదు. నాకూ గట్టు లేదు, హైమన్‌డార్ఫ్‌కీ లేదు.

గట్టు ఉండీ బయటివాళ్లయినవాళ్లు ఇప్పుడు భద్రాచలం అడవిలోనే ఉన్నారు. 2005 జూన్‌లో దంతెవాడ వైపు సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, వేల మంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. ఇక్కడివాళ్లు గుత్తికోయలన్నారు. అది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. భాష కోయకి దగ్గరిది, దేవుళ్లు దగ్గరివాళ్లు, చుట్టరికాలు కలుస్తాయి. అక్కడ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడికొస్తే సర్కారు లెక్కలో ఆ హోదా లేదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందునుంచే భూమిలో ఉండాలి. పారిపోయి వచ్చింది ఆ తర్వాత అయితే అంతే సంగతులు.

నందినీ సుందర్ ‘ది బర్నింగ్ ఫారెస్ట్’ 2016లో వచ్చింది. సుప్రీంకోర్టు 2011 జులైలో జుడుంని రాజ్యాంగ విరుద్ధమన్న కేసు ఆవిడ వేసిందే. ఆ మంట ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో తెలుసుకోవాలంటే అంతకంటే మంచి పుస్తకం నాకు తెలీదు. కానీ ఆవిడ చూపు బస్తర్ మీద. ఇవతలి ఒడ్డుకి చేరాక మిరప కోతల్లో పక్కపక్కన వంగి పనిచేసేవాళ్ల మధ్య, సంతలో ఒకే గోనె మీద సరుకు పెట్టుకునేవాళ్ల మధ్య ఏం మొలిచింది, ఏం మొలవలేదు అన్నది ఆ పుస్తకం పని కాదు.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ని గుత్తికోయలు చంపారు. ఆ హత్యకి ఏ సమర్థనా లేదు. కొన్ని రోజులకే బెండాలపాడు గ్రామసభ గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కి పంపేయాలని తీర్మానం చేసింది. హైమన్‌డార్ఫ్ ముందు రెడ్లు అనలేకపోయిన మాట ఇక్కడ ఒక ఊరు అనేసింది, కాగితం మీద, సంతకాలతో. కాకపోతే ఈసారి అనిపించుకున్నవాళ్ల వెనక ఏ సర్కారూ లేదు. ‘కుదరదు’ అనే హక్కు గురించి ఐందోవెన్‌లో కూర్చుని నేను అల్లుకున్న ఆలోచన ఇక్కడ చతికిలపడింది. కాంట్రాక్టరుని వద్దనడం, సర్కారు మనిషిని వద్దనడం ఒకటి. ఇల్లు కాలి వచ్చిన వరసైన మనిషిని, ఎవరో చేసినదానికి, పిల్లాజెల్లాతో సహా వద్దనడం ఇంకొకటి. రెండిటికీ మాట ఒకటే.

ఆ తీర్మానం గురించి పత్రికల్లో చాలా వచ్చింది, అధికారులేమన్నారో, పార్టీలేమన్నాయో. నేను చదవాలనుకుంటున్నది అది కాదు. 2005లో మొదటిసారి అడవి దాటి వచ్చిన కుటుంబానికి చోటు చూపించిన కోయ ఇంటావిడ ఎవరో ఉండే ఉంటుంది. గంజి పోసి ఉంటుంది, మీదే గట్టు అని అడిగి ఉంటుంది. చెల్లెలనో వదిననో పిలిచి ఉంటుంది. ఇలాంటి ఆవిడ ఒకతె ఆ సభలో కూడా కూర్చుని ఉంటే, తీర్మానం చదివేటప్పుడు చెయ్యెత్తిందా? మర్నాడు సంతలో ఆ చెల్లెలు ఎదురైతే ఏం పిలిచింది? రాస్తే ఆవిడ రాయాలి, లేదా ఆవిడ చెప్తుంటే ఆ ఊరి పిల్ల ఎవరైనా రాయాలి.