జీవకారుణ్యం: దాత పుణ్యమా, ప్రాణి దుఃఖమా?
అశోకుని శాసనాలు, సూరత్ పాంజరాపోళ, థాయి సమాజం – ఒక విమర్శ

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపైనా, గుజరాత్‌లో జునాగఢ్ చెంత గిర్నార్ శిలపైనా అశోకుని పదునాలుగు శాసనాలు ఉన్నాయి. తెలంగాణ నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్‌కు చేరి లింబాయత్, నవాగామ్, డిండోలి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు తమకు తెలియకుండానే ఒక ధర్మలిపి ఉన్న నేల నుంచి అదే ధర్మలిపి ఉన్న మరో నేలకు వచ్చారు. ఈ రెండు చోట్లా మొదటి శాసనం జంతువధను గురించి మాట్లాడుతుంది. రెండవది చికిత్సను గురించి. నవాగామ్ నుంచి ఈ వ్యాసం రాస్తున్నందువల్ల ఈ రెండు శాసనాలను సూరత్‌లోని జంతు శరణాలయ చరిత్రతో కలిపి చదవడం సహజమనిపించింది. అయితే ఆ చదువు ఇప్పటికే స్థిరపడిపోయిన ఒక కథనాన్ని ప్రశ్నించవలసి వస్తుంది.

ఆ కథనం మనందరికీ పరిచితమే. అశోకుడు ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్యశాలలను కట్టించాడనీ, ఆ సంప్రదాయమే అవిచ్ఛిన్నంగా ప్రవహించి పశ్చిమ భారతదేశపు పాంజరాపోళల రూపంలో నిలిచిందనీ, కనుక జీవకారుణ్యం మన రక్తంలోనే ఉందనీ దాని సారాంశం. ప్రదర్శనశాలల ఫలకాలపైనా, ఉపన్యాసాల్లోనూ, మన వంటి సంస్థల ప్రచురణల్లోనూ ఇది తరచు కనబడుతుంది. విని సంతోషించడానికి బాగానే ఉంటుంది. పాఠం ముందు నిలబెట్టినప్పుడు మాత్రం మూడు చోట్ల తడబడుతుంది.

మొదటి తడబాటు శాసనపాఠం దగ్గరే. రెండవ శాసనం చెప్పేది మనుష్యులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పాటు చేయడం. ఓషధులు లేని చోటికి వాటిని తెప్పించి నాటించడం. దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచడం. చోళ, పాండ్య, సతియపుత్ర, కేరళపుత్ర దేశాలకూ, తామ్రపర్ణికీ, యవనరాజు అంతియోకుని రాజ్యానికీ ఈ ఏర్పాటు వర్తించినట్లు అది చెబుతుంది. ఇందులో చికిత్స ఉంది. ‘వైద్యశాల’ అనే కట్టడం లేదు. ఆ మాటను చేర్చినది తరువాతి పాఠకుల ఉత్సాహం. భవనం ఉందని చెప్పడంలో నష్టమేమిటని అడగవచ్చు. భవనం దాతను గుర్తుచేస్తుంది. చికిత్స రోగిని గుర్తుచేస్తుంది. శాసనం ఎన్నుకొన్న పదం రెండవది.

రెండవ తడబాటు ‘అవిచ్ఛిన్నం’ అనే విశేషణం. మౌర్యకాలానికీ, సూరత్ శరణాలయాన్ని గురించి యూరోపియన్లు రాసిన కాలానికీ నడుమ దాదాపు రెండువేల సంవత్సరాలున్నాయి. ఆ దూరాన్ని పూరించే సంస్థాగత ఆధారాలు మన చేతుల్లో లేవు. పాంజరాపోళను నిలిపినవారు ప్రధానంగా జైన, వైష్ణవ వణిజులు. వారి మహాజన సంఘాలు వర్తకంపై స్వయంగా విధించుకొన్న చందాలు దానికి ఆధారం. డెరిక్ లాడ్రిక్ 1981లో ప్రచురించిన గ్రంథం గోశాలలనూ పాంజరాపోళలనూ వేర్వేరు సంస్థలుగా గుర్తించి, రెండవదాని వెనుక ప్రధానంగా జైనుల అహింసాదృష్టిని చూపింది. బౌద్ధ వారసత్వమని మనం దానిని లాక్కోవడం ఆ సముదాయాల కృషిని కాజేయడమే అవుతుంది.

మూడవ తడబాటు మరింత లోతైనది. దానిని గ్రహించడానికి సూరత్‌ను చూసిన ఇద్దరు ఆంగ్లేయుల రచనలను పరిశీలించాలి. ఈస్టిండియా కంపెనీ మతాధికారి జాన్ ఓవింగ్టన్ 1689లో సూరత్‌కు వచ్చాడు. ఆయన యాత్రాగ్రంథం 1696లో వెలువడింది. ముసలి ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కల శరణాలయాన్ని గురించి చెప్పి, నల్లులకూ గోమార్లకూ కూడా ఒక చోటు ఉందనీ, వాటికి ఆహారంగా ఒక పేదవానిని కూలికి తెచ్చి రాత్రి పడుకోబెడతారనీ రాశాడు. నూరేళ్లకు పైగా గడిచాక 1823లో లెఫ్టినెంట్ అలెగ్జాండర్ బర్న్స్ అదే ఊరి శరణాలయాన్ని చూశాడు. ఆయన నివేదిక 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. డెబ్బై అయిదేళ్లుగా అక్కడే ఉన్నదని చెప్పిన తాబేలును, ధాన్యం పోసి పురుగులను పోషించే ఒక ప్రత్యేక గదిని ఆయన వర్ణించాడు.

ఈ రచనల్లో పరిహాసం దాగదు. విచిత్రాన్ని ముందుకు తెచ్చి, సాధారణాన్ని వెనక్కు నెట్టే పద్ధతి అది. కుంటిన ఎద్దుకు ఎవరు మేత వేశారు, పుండును ఎవరు కడిగారు, ఏ పశువు ఎంతకాలం బతికింది అన్న వాటికన్నా పురుగుల గదికే అక్కడ ఆదరం. వలస పాలకుని దృష్టి అది అని కొట్టివేయడం మనకు సులభం. కానీ కొట్టివేసిన తరువాత మనం చేస్తున్నదేమిటి? అదే పురుగుల గదిని తీసుకొని, ‘చూడండి, క్రిమికీటకాలను సైతం కాపాడిన కరుణ’ అని పొగుడుతున్నాం. పరిహసించినవాడూ పొగిడినవాడూ చూసింది పోషకుని మనస్తత్వాన్నే. ఒకనికి అది భ్రమ, మరొకనికి అది పుణ్యం. ఆ గదిలోని ప్రాణికి గానీ, కూలికి పడుకొన్నాడని చెప్పిన ఆ పేదవానికి గానీ ఏమయిందన్న ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు. ప్రాణం తీయకుండా ఉండడమూ, ప్రాణి బాధను తగ్గించడమూ ఒకటి కావు. మొదటిది చేసి రెండవది మరచిన శరణాలయం ప్రాణరక్షణ చేసినట్లే గానీ దుఃఖనివారణ చేసినట్లు కాదు.

ఈ భేదాన్ని పాళీ వాఙ్మయం స్పష్టంగా పాటించింది. మజ్ఝిమనికాయంలోని జీవకసుత్తంలో, తథాగతుని కోసం గానీ శ్రావకుని కోసం గానీ జంతువును చంపించేవానికి అయిదు కారణాల వల్ల అపుణ్యం కలుగుతుందని బుద్ధుడు వివరిస్తాడు. ఫలానా జంతువును తెమ్మని ఆజ్ఞాపించడం ఒకటి; దానిని చంపమనడం మరొకటి; తగని ఆహారాన్ని సమర్పించడం ఇంకొకటి. మిగిలిన రెండూ ఆజ్ఞాపించినవానికి సంబంధించినవి కావు. మెడకు తాడు బిగించి ఈడ్చుకు వస్తున్నప్పుడు ఆ ప్రాణి పడే దుఃఖదౌర్మనస్యాలు ఒకటి, వధింపబడుతున్నప్పుడు పడే దుఃఖదౌర్మనస్యాలు మరొకటి. చావుకు ముందరి ఆ నడకనే ఒక ప్రత్యేక కారణంగా లెక్కించిన ఈ పాఠాన్ని మనం శాకాహార, మాంసాహార వివాదాలకు వాడుకొన్నంతగా జంతుబాధను గురించి ఆలోచించడానికి వాడుకోలేదు.

వినయపిటకం మరొక ఆధారం ఇస్తుంది. వేటగాని ఉచ్చులో చిక్కిన లేడిని, పందిని, మత్స్యకారుని బుట్టలో పడ్డ చేపలను భిక్షువు విడిచిపెట్టిన ప్రస్తావనలు రెండవ పారాజికం కింద ఉన్నాయి. దొంగబుద్ధితో విడిచిపెడితే ఆపత్తి. కరుణతో విడిచిపెడితే అనాపత్తి. భిక్షువులకు ఇది కొత్త కాదు. అయితే ఇక్కడ గమనించవలసినది క్రమం. ముందు ప్రాణి ఆపదలో ఉంది. తరువాత భిక్షువుకు కరుణ కలిగింది. చివరకు విడుదల జరిగింది. ప్రాణిని బుద్ధిపూర్వకంగా చంపడం పాచిత్తియమే గానీ పారాజికం కాదన్న విషయాన్నీ ఇక్కడ మరుగుపరచరాదు. వినయం మనిషినీ జంతువునూ సమానం చేయలేదు. సమానం చేయకుండానే జంతువు బాధను లెక్కలోకి తీసుకోవచ్చునని చూపడమే దాని విశేషం.

ఈ కొలమానంతో థాయి సమాజాన్ని చూద్దాం. థేరవాదం జనజీవనంలో ఇంతగా ఇమిడిన దేశాలు కొద్ది. అక్కడి విహారాల ఆవరణల్లో యజమానులు వదిలి వెళ్లిన కుక్కలు, పిల్లులు భిక్షాన్నపు మిగులుతో బతుకుతాయి. ఆ విధంగా విహారం ఒక పాంజరాపోళ. అదే విహారాల ముందు పుణ్యం కోసం విడిచిపెట్టడానికి పంజరాల్లో పక్షులను, తొట్టెల్లో చేపలను, తాబేళ్లను అమ్ముతారు. వినయంలోని క్రమం ఇక్కడ తలకిందులైంది: విడుదల చేయాలన్న కోరిక ముందు, దాని కోసం ఉచ్చు తరువాత. విడిచిన పక్షి మళ్లీ పట్టుబడుతుంది. మంచినీటి తాబేలు తనకు పనికిరాని నీటిలో పడుతుంది. దాతకు పుణ్యభావన దక్కింది. ప్రాణికి దక్కినది బంధనం.

కాంచనబురి ప్రాంతంలో ‘పులుల విహారం’గా ప్రసిద్ధమైన చోటు నుంచి 2016లో అధికారులు 137 పులులను తరలించారు, అక్కడి శీతలపేటికలో నలభై పులిపిల్లల కళేబరాలు కనబడ్డాయి. ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లిన పులుల్లో సగానికి పైగా చనిపోయినట్లు 2019లో వెల్లడైంది. విహారం పేరు గానీ ప్రభుత్వ ముద్ర గానీ ప్రాణికి స్వయంగా అభయం కాదని ఈ ఉదంతం చెబుతోంది.

థాయి పౌరులు ఊరుకోలేదు. జంతుప్రేమికుల దీర్ఘకాలపు ఒత్తిడి తరువాత 2014 డిసెంబరులో జంతుహింస నివారణ, జంతుసంక్షేమ చట్టం అమలులోకి వచ్చింది. హింసకు రెండేళ్ల వరకు కారాగారం, నలభైవేల బాత్‌ల వరకు జరిమానా. ఇది మన 1960 నాటి చట్టం కన్నా ఎంతో కఠినం; మన చట్టంలో మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలే. అయినా థాయి చట్టం స్థానిక సంప్రదాయంగా సాగే జంతుపోరాటాలకూ, మతాచారాలకూ మినహాయింపు ఇచ్చింది. మన చట్టంలోని 28వ విభాగం కూడా మతాచారం ప్రకారం జరిగే వధను నేరం కాదన్నది. రెండు దేశాల్లోనూ కరుణకు గీసిన హద్దు ఒకటే: మన ఆచారం మొదలయ్యే చోట అది ఆగిపోతుంది.

తెలుగునాట పరిస్థితి భిన్నం కాదు. గుళ్ల ముందు జంతు, పక్షిబలులను నిషేధించే చట్టం 1950 నుంచి ఉంది. జాతరల్లో బలులు ఆగలేదు. సంక్రాంతి కోడిపందేలను ఆపమని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. గోదావరి జిల్లాల బరుల్లో కోడికాలికి కత్తి కట్టడం ఏటా జరుగుతూనే ఉంది. చట్టం ఉంది, హింస ఉంది. రెండూ ఒకదానినొకటి పలకరించకుండా పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఇక్కడే అశోకుని వద్దకు తిరిగి వెళ్లాలి. ఆయనను ఆదర్శంగా నిలపడం తప్పు కాదు; ఏ విషయంలో ఆదర్శమో గుర్తించాలి. మొదటి శాసనంలో తన వంటశాలలో పూర్వం ప్రతిదినం లక్షల ప్రాణులు కూర కోసం చంపబడేవని ఆయనే ఒప్పుకొన్నాడు. శాసనం రాయించే నాటికి అవి మూడుకు తగ్గాయి: రెండు నెమళ్లు, ఒక జింక, జింక కూడా నిత్యం కాదు. ఈ మూడూ ఇకముందు చంపబడవని చేర్చాడు. ఇది పరిపూర్ణ అహింసను చాటుకొనే ప్రకటన కాదు. ఇంకా మిగిలి ఉన్న హింసను సంఖ్యతో సహా బహిరంగంగా చెక్కించిన లెక్క. ఆయన మినహాయింపును సంప్రదాయం వెనుక దాచలేదు, తన వంటింటి నుంచే లెక్క మొదలుపెట్టాడు. అయిదవ స్తంభశాసనంలో చూలుతో ఉన్న, పాలిచ్చే మేకలనూ గొర్రెలనూ పందులనూ, ఆరునెలల లోపు పిల్లలనూ రక్షించమన్నాడు. జీవులున్న పొట్టును కాల్చరాదన్నాడు. ఏడవ స్తంభశాసనంలో నియమం, నిఝ్ఝతి అనే రెండు మార్గాలను పోల్చి, కొన్ని జంతువులను వధ్యం కాకుండా చేసిన తన ఆజ్ఞలు నియమానికి ఉదాహరణలనీ, నియమం అల్పమనీ, మనసును ఒప్పించే నిఝ్ఝతి వల్లనే ధర్మం అధికంగా వృద్ధి చెందిందనీ తేల్చాడు. అలాగని ఆజ్ఞలను ఉపసంహరించుకోలేదు. చట్టం చాలదని తెలిసీ చట్టాన్ని నిలిపి, దానిపై ఆలోచనను పెంచడం ఆయన పద్ధతి.

నవాగామ్‌లో ఈ చర్చకు ఏటా జనవరి 14న పరీక్ష వస్తుంది. ఉత్తరాయణం నాడు డాబాలన్నీ గాలిపటాలతో నిండుతాయి. సూరత్ మాంజా పేరుపొందినది. గాజుపొడి పట్టించిన దారం పక్షి రెక్కను కోస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అదే సంవత్సరం నుంచి గుజరాత్ ప్రభుత్వం గాయపడ్డ పక్షుల చికిత్సకు కరుణా అభియాన్ నడుపుతోంది. ‘అభియాన్’ అనే మాటలో ఉత్సవధ్వని ఉన్నా, అక్కడ జరిగే పని శాసనం చెప్పిన చికిత్సే: రెక్కకు కుట్లు, గాయానికి మందు. పండుగ ముగిసిన తరువాత కూడా కొమ్మలకూ తీగలకూ వేలాడే దారం వారాల తరబడి పక్షులను పట్టుకుంటుంది. దానిని విప్పి తీసేవారికి దాతృత్వ ఫలకం ఉండదు. తెల్లవారుజామున, సాయంవేళ పక్షులు ఎగిరే సమయంలో పటం ఎగరవేయని బాలునికీ ఉండదు. నిఝ్ఝతి అంటే ఈ రెండు పనులని నా అభిప్రాయం. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలల పిల్లలకు ఎర్రగుడి శాసనాన్ని గర్వకారణంగా చెప్పడం కన్నా, జనవరి మూడవ వారంలో దారం ఏరించి, ఆ పని మధ్యలో చెప్పడం మేలు.

వారసత్వ పరిశోధకులకు ఒక విన్నపం. ఫలకాలపై ‘తొలి పశువైద్యశాల’ అని రాసే ముందు శాసనంలోని పదాన్ని చూడండి. ‘చికిత్స’ అని రాస్తే చాలు, అది తక్కువ గౌరవం కాదు. పాంజరాపోళను జైన, వైష్ణవ వణిజుల కృషిగానే నమోదు చేయండి. పూజ్య భిక్షువులకు మరొక విన్నపం. వైశాఖ పూర్ణిమ నాడు చేపలను, పక్షులను కొని విడిచే కార్యక్రమం ఎక్కడ తలపెట్టినా, ఆ ప్రాణి ఎవరి ఉచ్చులో, ఎందుకు పడిందో ముందు విచారించండి. మన విడుదల కోసమే పడి ఉంటే, ఆ ధనంతో ఊరిలోని ఒక కుంటి కుక్కకు చికిత్స చేయించడం వినయానికీ, ఎర్రగుడి శిలకూ దగ్గరి పని.